సీదరాలికి చెంబెడు నీళ్ళు

అనగా అనగా, ఏండ్లకు ఇంకను పేర్లు పెట్టని కాలమున, కొండదిగువన ఇప్పవలస అను పల్లె ఉండెను. అందు సీదరాలు అను ముదుసలి ఉండెను. ఇల్లిల్లు తిరిగి తిరగలిపై చోళ్ళు విసరుట ఆమె పని. విసరుచు కథ చెప్పుట ఆమె అలవాటు.

ఆ సీమలో ఒక కట్టుబాటు కలదు. చెప్పువారి గొంతు నడుమ ఆగినచో, ఊఁ కొట్టినవారే కథను కడముట్టింపవలెను. కోటకైనను గుడిసెకైనను అదే కట్టుబాటు.

ఒక వేసవిలో కొండమీది దొర, తన తామరకొలను కొరకు, పల్లెకు నీరిచ్చు గెడ్డవాగుకు అడ్డుకట్ట వేయించెను. దిగువన ఇంటికి దోసెడు నీరే వంతు వచ్చెను. సీదరాలు తన వంతును పసిబిడ్డల కుండలలో పోయుచుండెను.

పెద్దనాయుడు పోయి బ్రతిమాలెను. పులిజూదమాడుచున్న దొర తల ఎత్తలేదు. కరణము పోయి పాత పత్రము చదివెను. దొర తల ఎత్తలేదు. పూజారి పోయి పాపమని చెప్పెను. దొర తల ఎత్తలేదు.

"నానెల్తాను" అనెను సీదరాలు.

పెద్దనాయుడు పకపక నవ్వెను. "పెద్దోళ్ళ మాటే ఇన్లేదు. తిరగలి తిప్పుకునేదానివి, నువ్వేటి సెప్తావే?"

"మాట సెప్పను బాబూ, కత సెప్తాను."

మండుటెండలో ఆమె కొండ ఎక్కెను. వేడుక చూతమని నాయుడు వెంట నడచెను.

"దొరబాబూ, ఒక్క కత. ఊఁ కొట్టండి, సాలు."

దొర కాయ కదుపుచునే "ఊఁ" అనెను.

"పైడి అని ఒక పిల్ల. దానికి దాహం. ఏటి ఇసకలో నీళ్ళకని ఒక సెలమ తవ్వింది. ఇసకే."

"ఊఁ."

"రెండో సెలమ తవ్వింది. ఇసకే."

"ఊఁ." దొర తల ఎత్తెను.

"మూడోది తవ్వింది. గోళ్ళు ఊడిపోనాయి."

"ఊఁ... నీ గొంతు ఎండిపోతోందే ముసలీ! ఈ చెంబెడు నీళ్ళు తాగి చెప్పు."

"పైడి ఇంకా తాగనేదు కదా బాబూ. నానెలా తాగుతాను?"

"సరే, తరువాత?"

సీదరాలు పలుకలేదు.

"తరువాత ఏమైందే?"

పలుకలేదు.

"చెప్పవేమే!" అని దొర ముసలిదాని భుజము తట్టెను. ఆమె ప్రక్కకు ఒరిగెను. కన్నులు మాత్రము తెరచియే ఉండెను.

దొర చేతిలోని కాయ జారెను. ఆ నీళ్ళచెంబు అట్లే నిండుగా ఉండెను.

నవ్విన నాయుడే గొణిగెను: "ఊఁ కొట్టింది తమరే, దొరా."

దొర లేచెను. చెప్పులు మరచెను. వట్టికాళ్ళతో అడ్డుకట్ట కడకు పోయి, తానే గునపము వేసెను. నీరు బుడబుడ దిగువకు ఉరికెను.

"అప్పుడు... పైడి తాగింది" అని దొర కథను ముగించెను.

నేటికిని ఇప్పవలసలో కథ చెప్పువారి ముందు చెంబెడు నీళ్ళు పెట్టుదురు. కథ ముగియువరకు ఎవ్వరును ముట్టరు. ముగిసిన పిదప ఆ నీటిని నేలపై పోసి, పెద్దలును పిన్నలును ఒక్కటే మాట అందురు:

"పైడి తాగింది, సీదరాలూ. ఇంక నువ్వు తాగు."