చిరిగిన వల

మడుగు మీద మంచు ఇంకా విడలేదు. ఆ మంచులోంచే పడవ వేసుకుని పోలయ్య దీవికి వచ్చాడు. దీవిలో చిన్న దర్గా, దాని ముందు చలికి ముడుచుకుని కూర్చున్న జమాల్ బాబా. పోలయ్య ఆయన శిష్యుడు. ఎవరి మీదా చెయ్యెత్తనని ఆయన ముందు ఒట్టు పెట్టుకున్నవాడు.

"బాబా, ఈ ఒక్క పూటకి నా ఒట్టు తీసెయ్యండి," అన్నాడు. "పడమటొడ్డు వాళ్ళు మా అన్న వల కోసిపారేశారు. మంచు విడగానే మావాళ్ళు గెడలు పట్టుకుని వాళ్ళ మీదికి పోతున్నారు. నేను రాకపోతే నాకు తమ్ముడే లేడనుకుంటానన్నాడు మా అన్న."

"వల ఏదీ?"

"పడవలోనే ఉంది. మీకు చూపిద్దామని తెచ్చాను."

బాబా లేచి వెళ్ళి పడవలో కూర్చున్నాడు. "పద, పడమటొడ్డుకి."

పోలయ్యకు అది పగవాళ్ళ ఒడ్డు. కాదనే ధైర్యం లేక గెడ వేశాడు. నీళ్ళేవో ఆకాశమేదో తెలియని తెలుపులో పడవ పోతూ ఉంది. ఎక్కడో కొంగలు మాట్లాడుకుంటున్నాయి. ఇలాగే పోతూ ఉంటే, ఏ ఒడ్డూ రాకపోతే బాగుండుననిపించింది.

ఒడ్డు రానే వచ్చింది. అక్కడా జనం గెడలతో సిద్ధంగా ఉన్నారు. బాబా ఎవరినీ పలకరించలేదు. వలను ఇసుకలో పరిచి, పడవలో ఉన్న కర్రసూది తీసుకుని కుట్టడం మొదలుపెట్టాడు. తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసే చేతులకు వల ముడి ఎట్లా వస్తుంది? వేసిన ముడల్లా జారిపోతోంది.

చిరిగిన వల కనబడితే, అది ఎవరిదైనా సరే, ఒక ముడైనా వేయకుండా దాటిపోకూడదని ఆ మడుగు వాళ్ళ ఆచారం. పగవాడి వల సంగతి ఆ ఆచారం పెట్టిన పెద్దలు ఆలోచించినట్టు లేదు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

వాళ్ళ పెద్ద మునస్వామి ఆ కుట్టు చూస్తూ ఎక్కువసేపు ఊరుకోలేకపోయాడు. "అదేం ముడి సాయిబా! చేపలు నవ్విపోతాయి. ఇట్టా ఇయ్యి," అంటూ గెడ కింద పెట్టి కూర్చున్నాడు. "రెండో కొస ఎవరన్నా బిగించి పట్టుకోండబ్బా."

బాబా పోలయ్య వైపు చూశాడు. పోలయ్య పట్టుకున్నాడు.

కాసేపటికి మునస్వామి తలెత్తకుండానే అన్నాడు: "మీవోళ్ళు పాయకి అడ్డం తడికెలు పాతారు. ఇటు చేప రావడమే మానేసింది. మా పిల్లకాయలు గంజినీళ్ళు తాగి పడుకుంటున్నారు."

"ఆ సంగతి మాకెవరూ చెప్పలేదే!" అన్నాడు పోలయ్య.

"ఎవరు చెప్తారు? ఒకప్పుడు ఒకే సంతలో చేప అమ్ముకునేవోళ్ళం. ఇప్పుడు మీ సంత మీది, మా సంత మాది. మీ ఆడోళ్ళు, మా ఆడోళ్ళు మొహాలు చూసుకుని ఎన్నాళ్ళయింది?"

పోలయ్యకు చచ్చేంత సిగ్గేసింది. ఎవరి మీదా చెయ్యెత్తని పోలయ్య, ఆ తడికెలు పాతినవాళ్ళలో ముందున్నాడు.

మంచు విడింది. పోలయ్యవాళ్ళ తూర్పొడ్డు పడవలు వచ్చి ఇసుకకు తగిలాయి. అందరికంటే ముందు అన్న ఏకాంబరం గెడ ఎత్తుకుని దూకాడు. కాళ్ళ ముందు పరిచి ఉన్న వల చూసి ఆగిపోయాడు.

"ఇది నా వల," అన్నాడు.

"నీదే," అన్నాడు మునస్వామి. "కోసింది నేనే."

పోలయ్య కొస వదల్లేదు.

"అన్నా, మన తడికెల వల్ల వీళ్ళ పిల్లలు పస్తులుంటున్నారు," అన్నాడు.

ఏకాంబరం వంగి వలలో కొత్తగా వేసిన ముడులు తడిమి చూశాడు. తర్వాత గెడ దించి మునస్వామి పక్కన చతికిలబడ్డాడు. "జరుగు. ముందు ఈ ముడి వేయనీ. తర్వాత తడికెల సంగతి చూద్దాం."

పొద్దెక్కేసరికి వల చుట్టూ రెండు ఒడ్డుల వాళ్ళూ చేరారు. తడికెల మాట ఇంకా తెగలేదు. గొంతులు లేస్తున్నాయి, తగ్గుతున్నాయి.

"బాబా, వల ఇంక జానెడే మిగిలింది," అన్నాడు పోలయ్య. "పూర్తిచేసి తీసుకుపోదామా?"

"ఉండనీ," అన్నాడు బాబా పడవ ఎక్కుతూ. "రేపు మళ్ళీ రావడానికి మీకేదో ఒక పని ఉండాలిగా."