నక్క ఇటుకపొడి అన్న మేత

నమ్మనివాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లొచ్చు. ఆ నక్క చెరుకుతోటలో నడిస్తే నాగుపాములు పక్కకి తప్పుకునేవి. అంతటిదాన్ని ఒక బాతు ముక్కునించి కారిన నీళ్లు ఓడించాయి. కళ్లారా చూశాను.

గౌరీశమ్మ పిన్ని దొడ్లో కోళ్ల తొట్టి ఉండేది. అందులో నూకలు, మొక్కజొన్న, వాటితోపాటు చిటికెడు మినరల్ మిక్చర్. జింకు, మాంగనీసు, రాగి ఉండే పొడి. నక్క కంచె అవతల కూర్చుని, మేత మిగుల్చుకోవడానికి పిన్ని ఇటుకపొడి కలుపుతోందనీ, గొప్ప వంశంవాళ్లు ముట్టేది కాదనీ డేగపుంజుకి చెప్పింది. వంశం మాట వినగానే పుంజు మెడ నిక్కింది. అప్పటినించీ కోళ్లన్నీ గింజలేరుకుని పొడి అడుగున వదిలేశాయి.

నెల తిరక్కుండా కోడిపిల్లల కాళ్లు వంకరపోయాయి. గుడ్డు మీద ఈగ వాలితే సొట్టపడేది. చూరు మీదికి ఎగరగలిగిన కోడి లేదు. నక్క రోజూ వచ్చి పరామర్శించి, లొట్టలేసుకుంటూ వెళ్లేది.

కుంటనిది బాతొక్కటే. బొల్లిపెట్ట దాన్ని నిలేసింది.

"ఏమే, నీకు కాళ్లు పట్టెయ్యవా?"

"ఎందుకు పడతాయి వదినా? మీరు తిన్నాక అడుగున ఉన్నది నాదేగా. తడిముక్కు పెడితే పొడంతా గింజకి అంటుకుని వస్తుంది. ఏరే ఓపిక నాకెక్కడిది?"

మర్నాటినించి బాతే ముందు తినాలంది బొల్లిపెట్ట. పుంజు మండిపడ్డాడు.

"బాతు ఎంగిలి నేను తినాలా?"

"మానెయ్ మావా. నక్క నోట్లో కూడా ఇంత ఠీవిగానే నిలబడు."

పుంజు తలొంచాడు. బాతు నీళ్లు పుక్కిలించి తొట్టంతా కలియదిప్పేది, తడిసిన మేతకి పొడి పట్టేది. మెల్లగా కాళ్లు నిలబడ్డాయి. గుడ్లెంత గట్టివంటే, పగలగొట్టాలంటే పిన్ని రోకలి ఎత్తేది. నక్క వచ్చినప్పుడు మాత్రం అందరూ కుంటమని బొల్లిపెట్ట ఆజ్ఞ. పుంజు అయితే కుంటడంలో కూడా దర్జా ఒలకబోసేవాడు.

ఒక తెల్లవారుజామున నక్క కంచె దూకింది. దూకిందో లేదో దొడ్డి ఖాళీ. కోళ్లన్నీ తాటిచెట్టంత ఎత్తు లేచాయి. సరే, మీకోసం ఒక మూర తగ్గిస్తాను. చూరు మీద బారులు తీరి కిందికి చూశాయి.

"మీ కాళ్లు..." అంది నక్క.

"అంతా ఇటుకపొడి చలవ, బావా" అంది బొల్లిపెట్ట.

పిన్ని లేచిన అలికిడికి నక్క వెనక్కి దూకి, సగం తోక ముళ్లకంపకి అర్పించుకుని పోయింది.

చిటికెడే కదా అని దేన్నైనా వదిలేసే ముందు, వదిలెయ్యమన్నవాడి ఆకలి దేనిమీదో కనుక్కోండి.

మొండితోక నక్క కాలువ దాటుతుంటే లాకుల దగ్గర తలుపులెత్తే మనిషి చూశాడు. వెళ్లి అడగండి, పేరు మట్టా సింహాద్రప్పడు.