మిర్టో పలక

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు థియోక్లెస్ గురువుగారికి లేదు. అది తెలిసీ శిష్యుడు లైకోన్ ఊరుకోలేకపోయాడు.

“గురువుగారూ, రోంబోస్ అనే గ్రీకు మాటకు ఇన్ని అర్థాలేమిటి? తాడు కట్టి గిరగిరా తిప్పి మోగించే చెక్కపలకా అదే. దూరమైన మనిషిని రప్పించే మంత్రసాధనమూ అదే. ఒక రకం చేపా అదేనట. మన జ్యామితి పాఠానికి కావలసింది నాలుగు భుజాలూ సమానమైన ఆకారం ఒక్కటే. మిగతావి కొట్టేయమంటారా?”

గురువుగారు జవాబుకు బదులు తన ఇరవై రెండో ఏట జరిగిన సంగతి చెప్పారు.

అప్పుడాయన గ్రీకు దేశపు రేవు పట్నమొకదానిలో జ్యామితి చదువుతున్నారు. అక్కడ మిర్టో అని ఒక జాలరి ఇల్లాలు ఉండేది. సముద్రం మీదికి వెళ్లిన మొగుడు మూడేళ్లయినా తిరిగి రాలేదు. పెళ్లయిన కొత్తలో అతను చెక్కిచ్చిన పలకను ఆమె రోజూ సాయంత్రం ఒడ్డున నిలబడి తిప్పేది. వెళ్లినవాడు ఆ మోత విని వెనక్కి వస్తాడని అక్కడి ఆడవాళ్ల నమ్మకం. ఒకనాడు తాడు దూర్చే కంత పగిలిపోతే, కొత్త కంత తొలిచి పెట్టమని పలకను ఈయనకిచ్చింది.

కంత తొలిచి ఇచ్చేస్తే సరిపోయేది. కానీ లెక్కలు చదివినవాళ్లకు వంకర కనబడితే చేతులు ఊరుకోవు. పలక ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. ఈయన పాపం మంచి మనసుతోనే రాత్రంతా కూర్చుని కొలిచి, చిత్రిక పట్టి, నాలుగు భుజాలూ సమానం చేశారు.

మిర్టో దాన్ని రెండు చుట్లు తిప్పి ఆపేసింది. మోత మారిపోయింది.

“అదే చెక్కమ్మా, వంకర తీశానంతే,” అన్నారు ఈయన.

“ఆయనకు తెలిసిన మోత ఇది కాదు బాబూ. ఇది వింటే మా ఊరనుకోడు,” అందామె. ఒక్క మాట కూడా తిట్టలేదు. పలకను ఈయన చేతిలోనే పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ ఆమె ఒడ్డుకు రాలేదు.

లైకోన్ తల వంచుకున్నాడు. మెల్లగా, “అయితే వేటిని కొట్టేయమంటారు?” అన్నాడు.

“ఆ రోజు నా కొలతలో తప్పేమీ లేదు, నాయనా,” అన్నారు గురువుగారు.