అలుకమ్మ చూపు

జోడువాగు గ్రామానికి పడమట, గుట్ట మొదట్లో, చూరులా ముందుకు వంగిన పెద్ద బండ కింద శ్రీ అలుకమ్మవారు కొలువై ఉన్నారు. ఇక్కడ విగ్రహం లేదు. పచ్చని మట్టితో అలికిన రాతి మీద రంగులతో రాసిన బొమ్మే అమ్మవారు. పేరు విని అమ్మ అలిగిందనుకొని, బుజ్జగించడానికి చీరెసారెలతో వచ్చే భక్తులున్నారు. చీరెను అమ్మ కాదనదు గాని, ఆ అర్థం సరైనది కాదు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, అడవి. కరువుకు తాళలేక దిగువ మైదానం నుంచి కొన్ని కుటుంబాలు నడిచి వచ్చి వాగు ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి. వారిలో దేవతల బొమ్మలు రాసే నకాశి ఓదెలు, అతని భార్య లసుమవ్వ ఉన్నారు. వారి ఒక్కగానొక్క కూతురు దారిలోనే దాహంతో ప్రాణం విడిచింది.

గ్రామదేవత లేని ఊరు నిలవదని పెద్దలు ఓదెలును బొమ్మ రాయమన్నారు. అతడు పాత ఊరి నుంచి మూటగట్టి తెచ్చుకున్న ఎర్రమట్టిని రాతికి పూసి, చింతగింజల జిగురుతో రంగులు కలిపి, అక్కడి గుడి గోడ మీద రాసినట్టే, వెనక ఈతవనంతో సహా అమ్మను రాశాడు. ఆరగానే పూత పెచ్చులుగా రాలింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ రాలింది. అమ్మ కలలో కనబడి కారణం చెబుతుందేమోనని బండ కిందే పడుకున్నాడు. కల రాలేదు, చీమలు వచ్చాయి.

చోటు మార్చినందుకు అమ్మ అలిగిందని, వెనక్కి పోవడమే మేలని పెద్దలు తేల్చారు. వెనక్కి అంటే నీళ్ళు లేని ఊరికి, బిడ్డను పూడ్చిన దారి గుండా.  లసుమవ్వ పెద్దల ముందుకు వచ్చి నిలబడింది.

“అమ్మ అలుగలే. మనమే అలుకలే. అలుకని ఇంట్ల ఎవరు కాలువెడ్తరు?”

 తన గుడిసెను అలికినట్టే ఆమె వాగు పచ్చమట్టిలో పేడ, పొట్టు కలిపి బండను అలికింది. అది ఆరినా బీట వారలేదు.

ఓదెలు దాని ముందు కూర్చున్నాడు. వచ్చిన నాటి నుంచి చేతికి అలవాటైన బొమ్మనే రాస్తున్నాడు గాని ఈ చోటును అతడు చూడనే లేదు. ఇప్పుడు చూశాడు. గుట్ట మీద మోదుగలు విరగబూసి ఉన్నాయి. అమ్మ చీరెకు ఆ రంగు వచ్చింది. వాగు, నెమళ్ళు, భార్య అలికి ముగ్గు పెట్టిన గుడిసె అమ్మ వెనక చేరాయి. రంగు రాలలేదు. కండ్లు మాత్రం తాను దిద్దక, కుంచె లసుమవ్వ చేతికిచ్చాడు.

ఆమె దిద్దిన చూపు ఊరి మీద పడలేదు. పక్కకు, బిడ్డను విడిచి వచ్చిన దారి వైపు పోయింది. ఊరిని చూడని దేవత ఊరిని ఎట్లా కాస్తుందని, సరిచేయమని పెద్దలు పట్టుబట్టారు. ఓదెలు ఒప్పుకోలేదు.

“ఉండనియ్యుండ్రి. కాళ్ళు ఈడ్నే ఉన్నయి గద,” అన్నాడు.

నేటికీ ఫాల్గుణ మాసంలో గ్రామ స్త్రీలు బండను అలుకుతారు, ఓదెలు వంశీకులు బొమ్మ రాస్తారు. ఊళ్ళో కొత్తగా వెలిసినదేదైనా అమ్మ వెనక చేరుతుంది. ప్రస్తుతం నీళ్ళ ట్యాంకు, సెల్ టవరు ఉన్నాయి. ఇల్లు మారినవారు, ఊరు మారినవారు మొక్కుకుంటే కొత్త చోట కాలు నిలుస్తుందని నమ్మకం. ఇక్కడి మట్టిని ప్రసాదంగా ఇవ్వరు. ఎవరు దిగిన చోటి మట్టి వారికి ప్రసాదం.

కండ్లు దిద్దేది ఆ ఏడు ఊరికి వచ్చిన కొత్త కోడలు. చూపు ఆమె పుట్టింటి దారికి పోతే ఎవరూ సరిదిద్దరు. ఈ సంవత్సరం అమ్మవారు బస్సు వచ్చే రోడ్డు వైపు చూస్తున్నారు.