గురుగులమ్మ ముంగిట బండ పరచరాదు

రాచగట్టు మీద వెలసిన శ్రీ గురుగులమ్మ తల్లి దర్శనానికి వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ గుడి ముంగిట చలువరాళ్లు లేవు, సిమెంటు లేదు. కాళ్లకు బురద అంటుతుంది, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నడవాలి. "ఇంత పేరున్న గుడికి నాలుగు బండలైనా పరిపించుకోలేరా?" అని ఏటా ఎవరో ఒక దాత అడుగుతూనే ఉంటారు, గుడివారు చేతులు జోడించి వద్దంటూనే ఉంటారు. ఒకాయన ఏకంగా లారీ నిండా నల్లరాయి తోలించారు. ఆ లారీని కొండ మలుపు దగ్గరే వెనక్కి తిప్పి పంపారు. ఆయనకు కోపం వచ్చింది, పాపం. కథ తెలియక వచ్చిన కోపమే గనుక తల్లి దాన్ని లెక్కచేయలేదు.

పూర్వం ఇక్కడ పాలెగాడు ఒకడు కోట కట్టించాడు. రాతిపని వారిని నాలుగు దిక్కుల నుంచీ రప్పించి, రాయి ఉన్నచోటే మనిషీ ఉండాలని గట్టు మీదనే గుడిసెలు వేయించాడు. ఎటు చూసినా బండ. పుల్ల నాటుదామన్నా గుప్పెడు మట్టి లేదు. కోట కొట్టు నుంచి వారానికోసారి ముక్కిపోయిన జొన్నలు, ఉప్పు, ఎండుమిరపకాయలు వచ్చేవి. కూరగాయల బండ్లు గట్టు కింది బాటనే కోటలోకి పోయేవి గానీ గట్టు ఎక్కేవి కావు. సంత రెండామడల దూరం. పొద్దు పొడవగానే సుత్తి పట్టి, పొద్దు గుంకాక దించేవాడు ఆ సంతకు ఎప్పుడు పోవాలి? ఎప్పుడు రావాలి?

గట్టు మొత్తానికి మట్టి నిలిచే చోటు ఒక్కటే ఉండేది. చుట్టుపక్కల బండల మీద కురిసిన వాన అంతా అక్కడికే జారేది. ఆ చెమ్మ చూసి వారు అక్కడొక రాతిని నిలిపి, పసుపు పూసి, గట్టుతల్లి అని కొలుచుకున్నారు. తొలకరికి ఆ ముంగిట గురుగాకు అనే కూరాకు దానంతటదే మొలిచేది. వచ్చిన కొత్తలో ఆడవాళ్లు దాన్నే తెంపి, పిల్లల సంకట్లోకి వండి పెట్టేవారు. రానురాను గుడిసెలు పెరిగి, తెంపే తీరికా తగ్గి, ఆ ఆకు వండడం మానేశారు.

నాలుగో ఏట పిల్లలకు రేచీకటి పట్టుకుంది. మసక పడితే చాలు, ఉన్నచోటనే తడుములాడేవారు. పెద్దల చిగుళ్ల నుంచి నెత్తురు కారేది. తల్లికి కోపం వచ్చిందన్నారు. రాతిపని వారికి తెలిసిన మొక్కు రాయే గదా! ఏ ఇంట బిడ్డకు జబ్బు చేస్తే ఆ ఇంటివారు ఒక బండను నున్నగా చెక్కి తల్లి ముంగిట పరిచేవారు. జబ్బులు పెరిగాయి, బండలూ పెరిగాయి. రెండేళ్లలో ముంగిలంతా అద్దంలా తయారైంది. గురుగాకు సంగతి ఎవరికీ గుర్తే లేదు.

ఆ గట్టు మీద తిప్పక్క అనే ఇల్లాలు ఉండేది. పెద్దమేస్త్రి ఎర్రోబన్నకు కోడలు. ఆమెకు కాలు ఒకచోట నిలిచేది కాదు. నిలబడే తినేది, నడుస్తూనే మాట్లాడేది. అరికాళ్లలో చక్రాలున్నాయని ఇంటివాళ్లే ఎగతాళి చేసేవారు. ఆమెకు సుంకులి ఒక్కతే కూతురు, ఐదేళ్లది. దానికీ చూపు మందగించినప్పుడు తిప్పక్క తన చేతులతోనే ఒక బండ చెక్కి పరిచింది. అరచేతులు బొబ్బలెక్కేదాకా నూరింది. అంత నున్నటి బండ ఇంకొకటి లేదని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయింది కూడా.

ఆ యేడు చెల్లెలి కాన్పుకని కూతురిని వెంటబెట్టుకుని పల్లపు ఊరికి పోయింది. అక్కడ ప్రతి ఇంటి వెనకా, స్నానాల నీళ్లు పారే గుంటలో తోటకూరో బచ్చలో ఉండేది. నెల తిరిగేసరికి సుంకులి మసక వెలుతురులో కోళ్లను తరిమి పట్టి గంప కింద వేయసాగింది. తిప్పక్క ఆనందానికి పట్టపగ్గాలు లేవు. అయితే గట్టుకు తిరిగివచ్చిన కొన్నాళ్లకే బిడ్డ మళ్లీ గడప తట్టుకుని పడింది. ఈసారి కంటిలో తడి కూడా ఆరిపోతోంది.

అప్పటి నుంచి తిప్పక్కకు కంటిమీద కునుకు లేదు. తనూ చెల్లెలూ ఒక్క కడుపున పుట్టినవారే. మొక్కే తల్లి ఒక్కటే. తేడా ఎక్కడుంది? చెల్లెలి ఇంటి వెనకటి ఆకుకూరే గుర్తుకొచ్చింది. కింది బాటకు పరుగెత్తి కూరల బండికి అడ్డం నిలబడి ఒక్క కట్ట ఇమ్మని అడిగింది. "కోటకు పొయ్యే సరుకమ్మా, ఒక్క కట్ట తగ్గినా నా ఈపు చిట్లిపోతాది" అన్నాడు బండివాడు. వాణ్ణి తిట్టుకుంటూ గట్టెక్కింది. మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది.

మిట్టమధ్యాహ్నం ఒకనాడు కూతురిని ఒడిలో వేసుకుని తల్లి రాతికి జేరగిలబడితే అలాగే కన్నంటుకుంది. కలలో చెమటలు కారుతున్న ముసలమ్మ కనిపించింది. "నా ముంగిలంతా మూసేసినారు గదే. బండలు తియ్యండి. మీ బిడ్డల కండ్ల మందు ఆ మట్టిలోనే ఉండాది" అని చెప్పి మాయమైంది.

తిప్పక్క ఆ ఎండలోనే రాళ్లు కొట్టేచోటికి పరుగెత్తింది. అందరూ సుత్తులు ఆపి విన్నారు. ఎర్రోబన్న ముఖం ముడుచుకున్నాడు.

"మొక్కిన బండను పెరికితే ఆ బిడ్డకే చేటు. ఉండే చూపు గూడా పోతాది. ఎవురినడిగి కలగన్నావమ్మే నువ్వు?" అన్నాడు.

"ఇంగొకరి బండ నేను ముట్టను మామా. నాది నేను తీసుకుంటా" అంది తిప్పక్క.

అన్నదే గానీ గునపాన్ని పట్టింది, పక్కన పెట్టింది. తీస్తే కూతురి కళ్లు పోతాయంటున్నారు. తీయకుంటే పోవడం తను కళ్లారా చూస్తోంది. బండ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు. చివరికి కళ్లు మూసుకుని గునపం దూర్చి ఎత్తింది. కింద తెల్లగా పాలిపోయి, నేలకు అతుక్కుపోయి గురుగాకు మొలకలు ఉన్నాయి. తన చేత్తో తానే బిడ్డ కూటి మీద రాయి పెట్టానని తెలిసి తిప్పక్క అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

తాగే నీళ్లలోంచి చెంబెడు మిగిల్చి రోజూ ఆ మట్టికి పోసింది. మొలకలు పచ్చబడ్డాయి. తెంపినంత తెంపి సంకట్లో కలిపి బిడ్డకు పెట్టింది. అయితే ఆ వారంలోనే సుంకులి ఎడమ కంట్లో తెల్లగా పువ్వు వేసింది. "చూసినారా, తల్లి ఊరుకుంటాదా!" అన్నారంతా. ఎర్రోబన్న కోడలితో మాటలు మానేశాడు. తిప్పక్కకు నిలకడ తప్పింది. పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోయేది. బండ దగ్గరికి పోయి చేయి వేసేది, తీసేది. తప్పు చేశానా అని తల్లినే అడిగేది. ఒకనాటి అసురసంధ్య వేళ ఇక ఓర్చుకోలేక, బండను తిరిగి యథాస్థానంలో పెట్టేద్దామని ఈడ్వసాగింది.

"అమ్మా, ఆ బండను యాడికి ఈడుస్తాండావు?"

గుడిసె గుమ్మంలో సుంకులి నిలబడి ఉంది. అప్పటికి మనిషిని మనిషి పోల్చలేనంత మసక. తిప్పక్క చేతులు పట్టు వదిలేశాయి. ఆ మాట విన్న ఎర్రోబన్న గబగబా వచ్చి, చేతిలోది పైకెత్తి, "ఇదేంది పాపా?" అన్నాడు. "సుత్తి, జేజినాయనా. పిడి ఇరిగిపోయిండాది" అంది పిల్ల, కుడికన్ను చికిలించి. ఆయన గునపం అందుకుని, మరో కొడుకు బిడ్డ పేర తను పరిచిన బండను అక్కడికక్కడే పెకలించాడు. మూడోనాటికి ముంగిట ఒక్క రాయి మిగలలేదు. తొలకరికి గురుగు విరగబడి మొలిచింది. గట్టుతల్లికి గురుగులమ్మ అనే పేరు నాటి నుంచే వచ్చింది.

సుంకులి ఎడమకన్ను మాత్రం తిరిగి రాలేదు. రెండేళ్లు ముందుగా బండ తీసి ఉంటే దక్కేదని తిప్పక్క బతికినంత కాలం కుమిలింది. ఆ దిగులుతో ఆమె ఇంట కూర్చోలేదు. రాళ్లగట్లు, మట్టిగుంటలు, బట్టీలు, ఎక్కడ కూలీల గుడిసెలు వేశారని తెలిస్తే అక్కడికి పోయి, "మీ కాడ ఆకు దొరుకుతాదా?" అని ఇల్లిల్లూ అడిగేది. లేదంటే కొంగులోంచి వేరుతో సహా మొక్క తీసి ఇచ్చేది. పిచ్చిదన్నారు కొందరు. అన్నవారి పిల్లలకూ పెట్టి వచ్చింది.

సుంకులి సంతతివారే నేటికీ పూజారిణులు. ఆషాఢ ఆదివారాల్లో జొన్నసంకటి, గురుగాకు పప్పు నైవేద్యం. భక్తులు తమ ఊరి మట్టి పిడికెడు తెచ్చి ముంగిట చల్లుతారు. తల్లి చల్లగా చూస్తే పిల్లల కళ్లు చల్లగా ఉంటాయని నమ్మకం. కంటి జబ్బు ఉన్నవారు వైద్యుడికి తప్పక చూపించుకోవాలి, తల్లి ఏమీ అనుకోదు.

అర్చనకు నిలబడినప్పుడు ఇక్కడ గోత్రం, నక్షత్రం అడగరు. "మీ వీధిలో కూరాకు దొరుకుతాదా?" అని అడుగుతారు. పట్నాల నుంచి, కొత్తగా లేచిన కాలనీల నుంచి వచ్చినవారు ఈ ప్రశ్నకు తెల్లబోతుంటారు. కొందరు పరువుకు పోయి దొరుకుతుందంటారు. నిజమే చెప్పండి. లేదన్నవారి చేతిలోనే పూజారిణి వేరూ మట్టీ అంటిన మొక్క పెట్టి, ముందుగా వారి బిడ్డ పేరు తల్లికి చెబుతుంది.