గడ్డి గూడు, మట్టి గూడు

నల్లవాగు అడవిలో వాగుకు ఒక ఒడ్డున తుమ్మచెట్లు, రెండో ఒడ్డున రాతిగట్టు ఉండేవి. తుమ్మకొమ్మలకు గిజిగాళ్లు గడ్డితో గూళ్లు అల్లేవి. రాతిగట్టు కింద వానకోయిలలు మట్టితో గూళ్లు కట్టేవి. గూడు కట్టడమంటే అక్కడ పెద్ద చదువే, పిల్లలూ.

తొలకరి పడింది. గడ్డి పచ్చబడింది. పసిడి అనే కుర్ర గిజిగాడికి జంటపిట్ట చిట్టి ముందే చెప్పింది. "పెద్దవానలు వచ్చేలోగా గూడు పూర్తి కావాలి. నా గుడ్లు ఆగవు."

పసిడి చూపు మాత్రం రాతిగట్టు మీద పడింది.

"ఒట్టి అల్లిక ఎవరికి రాదు? నేను మట్టిపని కూడా నేర్చుకుంటాను. రెండూ కలిపి గూడు కడితే అడవంతా నోరెళ్లబెట్టాలి!"

తోటి గిజిగాడు నిదానం నవ్వాడు. "నాకూ మనసుందిరా. కానీ ఈ ఏడు అల్లిక కుదిరితే చాలు. మట్టి సంగతి పైయేడు చూద్దాం."

"నీకు ఒక్కటే ఎక్కువలే!" అని పసిడి ఎగిరిపోయాడు.

రాతిగట్టు కింద ఉండే వానకోయిల అవ్వను అడిగితే ఆమె కాదనలేదు. "నేర్పుతాను నాయనా. అయితే మట్టి పెట్టాక కనిపెట్టుకుని ఉండాలి. అప్పుడప్పుడు తడపకపోతే పగులుతుంది. నీ గడ్డేమో కోసిన వెంటనే అల్లాలి. రెండు చోట్లా ఎలా ఉంటావు?"

"మట్టి ఆరేలోగా గడ్డి అల్లి వస్తానవ్వా! ఊరికే కూర్చోవడం దేనికి?"

వినడానికి బాగానే ఉంది కదా? కానీ ఏం జరిగిందో చూడండి. మట్టి తడిపి వచ్చేసరికి గడ్డి ఎండి ముక్కులోనే విరిగింది. గడ్డి అల్లి వెళ్లేసరికి మట్టి పగిలి రాలింది. పసిడి రెక్కలు పడిపోయేలా తిరిగాడు. సోమరి అని తిట్టడానికి కూడా లేదు, పాపం.

"ఏదో ఒకటి వదిలెయ్యరా!" అన్నాడు నిదానం.

"ఏది వదలను? రెండింటికీ ఇంత కష్టపడ్డానే!" అంటూ పసిడి మళ్లీ రాతిగట్టు వైపు ఎగిరాడు.

ఇంతలో పెద్దవాన వచ్చేసింది. చిట్టి ఇక ఆగలేక సగం అల్లిన గూట్లోనే గుడ్లు పెట్టింది. గాలికి గూడు ఊగింది. అడుగున ఎండుగడ్డి తెగింది. గుడ్లు వాగులో పడి కొట్టుకుపోయాయి.

చిట్టి తెగిన గడ్డిపోచలను ముక్కుతో ఒక్కొక్కటే ఏరసాగింది. తిట్టినా బాగుండుననిపించింది పసిడికి.

పక్క కొమ్మన నిదానం గూడు ఊగుతోంది. లోపల గుడ్లు వెచ్చగా ఉన్నాయి. "తడుస్తున్నావు, లోపలికి రారా" అని పిలిచాడు నిదానం.

పసిడి కదల్లేదు. వాగు వైపే చూస్తూ కూర్చున్నాడు. ముక్కుకు అంటిన మట్టి వానకు కరిగి కారిపోతోంది.

నీతి: రెండు విద్యలూ మంచివే. కానీ కాలం మన కోసం ఆగదు కనుక, ముందు ఒకటి ఎంచుకుని పూర్తి చేయాలి.