గవర్రాజు లారీ కేబిన్

1994 జూన్ పన్నెండో తారీకు, ఆదివారం. మృగశిర కార్తె వచ్చినా రాజమండ్రిలో వాన లేదు. ముందు రోజు సాయంత్రం గాలిదుమారం లేచి, నాలుగు పెద్ద చినుకులు రాల్చి, గోదావరి దాటి ఎటో పోయింది. తెల్లారేసరికి ఉక్క మొదలైంది. ఒంటి మీద చొక్కా నిలవనివ్వని ఉక్క.

ఆ ఉక్కలో, లాలాచెరువు దగ్గర హైవే పక్కన లారీ బాడీలు కట్టే దావూద్ ఉస్తాద్ షెడ్డులో, కోటిలింగం ఒక పాత లారీ కింద వెల్లకిలా పడుకుని బోల్టులు ఊడదీస్తున్నాడు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. మీసాలు రాకముందు ఉస్తాద్ దగ్గర పనికి చేరాడు, ఇప్పుడు ఆ మీసాల్లోనే ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు. అతని మనసంతా ఒకే విషయం మీద ఉంది. ఈ కేబిన్ చీలిక పడకుండా దిగితే, సాయంత్రం ఉస్తాద్‌ని అడిగెయ్యాలి.

ఏం అడగాలనుకున్నాడో తెలియాలంటే ఆ షెడ్ల ఆనవాయితీ ఒకటి చెప్పాలి. శిష్యుడు సొంతంగా షెడ్డు పెట్టుకునేటప్పుడు గురువు తన పనిముట్లలోంచి ఒకటి తీసి అతని చేతిలో పెడతాడు. సుత్తో, ఉలో, ఏదో ఒకటి. అది అందకుండా షెడ్డు తెరిచినవాణ్ణి ఎవరూ తిట్టరు, కొట్టరు. కాని "ఎవరి శిష్యుడివి?" అని లారీ ఓనరు అడిగినప్పుడు చెప్పడానికి నోరు రాదు. కోటిలింగం దివాన్‌చెరువు దారిలో స్థలం చూసుకున్నాడు. బోర్డు కూడా రాయించి, ఇంట్లో మంచం వెనకాల గోడకి తిప్పి పెట్టాడు. ఉస్తాద్ పొడుగాటి తోపడా మీద అతనికి కన్నుంది. దానితో చిత్రిక పడితే టేకుచెక్క వెన్నపూసలా దిగేది.

లారీ గవర్రాజుది. గవర్రాజు పోయి చాలా ఏళ్లయింది. ఆయన కూతురు నూకరత్నం తుని నుంచి దాన్ని ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చింది. బెల్లం వ్యాపారం ఆవిడది, యాభై దాటిన మనిషి, మాట గట్టిది. "మా నాన్న బండి మళ్లీ రోడ్డు మీద నడవాలి ఉస్తాద్‌గారూ. గేటు దగ్గర బొమ్మలా నిలబెట్టుకోడానికైతే నేనింత దూరం రాను" అంది వచ్చిన రోజునే.

ఆ కేబిన్ కట్టింది దావూద్ ఉస్తాదే. ఇప్పటివాళ్లకి చెప్తే నమ్మరు, ఆ రోజుల్లో కొత్త లారీ అంటే ఇంజనూ, చక్రాలూ, రెండు పొడుగాటి ఇనప దూలాలూ, అంతే. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని మద్రాసు నుంచి అలాగే తోలుకొచ్చేవాడు. వాన వస్తే తడిసేవాడు. దుమ్ము లేస్తే తినేవాడు. ఊరు చేరాక మేస్త్రి ఆ దూలాల మీద టేకుతో ఒక ఇల్లు కట్టి ఇచ్చేవాడు. గవర్రాజు లారీ అలా వచ్చినప్పుడు ఉస్తాద్ కుర్రవాడు. అద్దం పైనున్న నుదుటి బల్ల మీద రెండు చిలకల్ని, మధ్యన తామరపువ్వుని తన చేత్తో చెక్కాడు. రంగు పోయింది కాని చిలకలు చెక్కు చెదరలేదు. ఇప్పుడు ఉస్తాద్ చేతులు వణుకుతాయి. టీ గ్లాసు పట్టుకుంటే సగం సాసర్లోకి పోతుంది. ఆ బల్ల విరిగితే మళ్లీ చెక్కేవాడు లేడు. ఆ సంగతి నూకరత్నానికీ తెలుసు, ఉస్తాద్‌కీ తెలుసు. కోటిలింగానికి అందరికంటే బాగా తెలుసు.

ఇంజనూ, వెనక తొట్టీ అంతకు ముందు వారమే దించేశారు. కేబిన్ ఒక్కటీ మిగిలింది. దాన్ని ఎత్తి పక్కన పెడితే గాని కింది దూలాల తుప్పు గీకి, వంకర తీసి, రంగు వెయ్యడానికి లేదు.

ఎండ నెత్తికెక్కే వేళకి కోటిలింగం లారీ కింద నుంచి బయటికి వచ్చాడు. మొహమంతా గ్రీజు. కేబిన్‌కి గొలుసులు తగిలించి, షెడ్డు దూలానికి వేలాడే చైన్ కప్పీ కొక్కేనికి బిగించాడు.

ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "అయిపోయిందా?"

"అయిపోయిందండి."

"ఏమీ పట్టుకుని లేదు కదా?"

"ఏమీ లేదండి. ప్రతి బోల్టూ నా చేత్తో తీశాను."

"స్టీరింగు?"

"నిన్ననే తీశానండి. మీరే చూశారు కదా." కోటిలింగం గొంతులో కొంచెం విసుగు వినపడింది. నూకరత్నం అక్కడే నిలబడి ఉంది. ఇన్నేళ్ల పనిమంతుణ్ణి ఆవిడ ముందు ఇలా ఒక్కొక్కటీ అడగడం అతనికి నచ్చలేదు.

"సరే. వేలెడెత్తు లేపు" అన్నాడు ఉస్తాద్.

కోటిలింగం గొలుసు లాగాడు. కప్పీ టకటకమంది. కేబిన్ ఒకసారి మూలిగింది, దుమ్ము రాలింది, దూలాల మీద నుంచి వేలెడెత్తు లేచింది. అన్నేళ్లు అంటుకుని ఉన్న చోట సందు కనపడి, ఆ సందులోంచి అవతలి వెలుగు కనపడింది.

నూకరత్నం రెండు చేతులూ జోడించింది. "లేచింది" అంది మెల్లగా.

కోటిలింగం మళ్లీ గొలుసు మీద చెయ్యి వేశాడు.

"ఆగు" అన్నాడు ఉస్తాద్.

"లేచిందండి. ఇంకేముంది?"

ఉస్తాద్ లాల్చీ జేబులోంచి ఎర్రటి దారపు ఉండ తీశాడు. చెక్క మీద గీత కొట్టడానికి జాజు పూసి ఉంచుకునే దారం. ఒక కొస తను పట్టుకుని, రెండో కొస కోటిలింగానికి ఇచ్చాడు. "అటు వెళ్లు."

కోటిలింగం కుడివైపుకి వెళ్లాడు. ఉస్తాద్ ఎడమవైపు. ఇద్దరూ దారాన్ని కేబిన్ వెనక అంచు కింద, ఆ సందులో దూర్చి, చెరో కొసా పట్టుకుని మెల్లగా ముందుకి నడిచారు. దారం మధ్యలో చెక్కకీ ఇనుముకీ మధ్య జారుతూ వస్తోంది. ముసలాయన కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నాడు. కోటిలింగం అతని కోసం ఆగాల్సి వస్తోంది. పక్క షెడ్డు వాళ్లెవరో చూసి, "గాలిపటం ఎగరేస్తున్నారా కోటిలింగం?" అని నవ్వారు.

సగం దాటాక, డ్రైవరు సీటు ముందుకి వచ్చేసరికి, దారం ఆగింది.

"పేడు అడ్డం పడ్డట్టుందండి" అని కోటిలింగం కొస పట్టుకుని లాగబోయాడు.

"లాగకు."

కోటిలింగం దారం వదిలేసి మళ్లీ లారీ కింద దూరాడు. టార్చి వేస్తే నల్లటి మడ్డి తప్ప ఏమీ కనపడలేదు. ఏళ్ల తరబడి బురదా గ్రీజూ కలిసి రాయిలా బిగుసుకుపోయింది. మడ్డిలో ఎర్రగా దారం దూరి ఉన్న చోట స్క్రూడ్రైవరుతో గీకాడు. పెళ్లలు మొహం మీద రాలాయి. గీకిన కొద్దీ లోపలి నుంచి ఆరు మూలల నట్టు ఒకటి బయటపడింది. దాని బోల్టు పైన చెక్కలోంచి దిగి ఇనప పట్టీలో బిగిసి ఉంది. నేలచెక్క అప్పటికే అక్కడ విల్లులా వంగింది. ఇంకొక్క మూర లేపి ఉంటే కుడివైపు గుంజ నిలువునా చీలేది. దానితోపాటు పైన చిలకల బల్ల.

కోటిలింగం కింద నుంచి వెంటనే రాలేదు. అలాగే పడుకుని ఆ నట్టు వంక చూస్తున్నాడు. మొదట అతనికి వచ్చింది భయం కాదు, కోపం. ఈ కేబిన్ కట్టింది ఈయన. ఈ బోల్టు బిగించింది ఈయన. తెలిసి తెలిసి, ఆవిడ ముందు, పక్క షెడ్డు వాళ్ల ముందు తన చేత "ఏమీ లేదండి" అనిపించాడు.

"ఏముందిరా?" పైనుంచి అడిగాడు ఉస్తాద్.

"బోల్టు."

"అక్కడ బోల్టేమిటి?" ఉస్తాద్ కేబిన్‌లోకి తల పెట్టి, డ్రైవరు కాళ్ల దగ్గరి రబ్బరు పరుపు పైకెత్తాడు. దాని కింద రేకు, రేకు కింద అరిగిపోయిన చెక్కపీట. మడమలు ఆనించుకునే చోట రెండు పల్లాలు పడ్డాయి. ముసలాయన ఆ పల్లాల్లో వేళ్లు పెట్టి తడిమాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "గవర్రాజుకి క్లచ్చు అందేది కాదు. మూడు రోజులు తోలి వెనక్కొచ్చి, 'ఉస్తాద్, ఎవరికీ చెప్పకుండా ఒక పీట వెయ్యి' అన్నాడు. కదలకుండా ఉండాలని కిందదాకా బోల్టు వేశాను."

నూకరత్నం ముందుకి వచ్చి ఆ పీట వంక చూసింది. "మా నాన్న పొట్టి అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనకూడదు" అంది. "నేనెప్పుడూ అనుకోలేదు కూడా. లారీలో కూర్చుంటే ఎంత పొడుగ్గా ఉండేవాడో." పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "ఆ పీట మళ్లీ అలాగే వేస్తారా?"

"అలాగే వేస్తాం" అన్నాడు ఉస్తాద్.

కేబిన్‌ని కిందికి దింపి, నట్టు మీద కిరసనాయిలు పోసి నానబెట్టి, కోటిలింగం బోల్టు ఊడదీశాడు. మళ్లీ వేలెడెత్తు లేపారు. మళ్లీ దారం పట్టారు. ఈసారి పక్క షెడ్డు వాళ్లు నవ్వలేదు. దారం ముందు దాకా వచ్చి, అవతలికి జారి, ఇద్దరి మధ్యా వేలాడింది. అప్పుడు కోటిలింగం గొలుసు లాగాడు. చిలకలతో సహా గవర్రాజు కేబిన్ గాల్లోకి లేచి, మెల్లగా పక్కకి జరిగి, చెక్క దిమ్మల మీద కూర్చుంది.

పొద్దు వాలాక నూకరత్నం వెళ్లిపోయింది. పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ కోటిలింగం ఉండబట్టలేక అడిగేశాడు.

"అక్కడ బోల్టుందని తెలిసే ఊరుకున్నారా ఉస్తాద్?"

దావూద్ ఉస్తాద్ దారాన్ని వేళ్లకి చుట్టుకుంటున్నాడు. చేతులు వణకడం వల్ల అది చుట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"తెలిస్తే దారమెందుకురా?" అన్నాడు.

కోటిలింగం నీళ్లు కట్టేశాడు. అడగాలనుకున్న రెండో మాట, తోపడా మాట, అడగలేదు. మర్నాడు పొద్దున్నే, ఎప్పటిలాగే, అందరికంటే ముందు వచ్చి షెడ్డు తలుపు తీశాడు.

ఉస్తాద్ ఇంకా రెండేళ్లు బతికాడు. వర్షాకాలంలో పోయాడు. షెడ్డు పెద్దకొడుకు ఖాసింకి వచ్చింది. అతను దాన్ని టైర్ల దుకాణం చేశాడు. చైన్ కప్పీని అల్లుడు ఏలూరు తీసుకుపోయాడు. పొడుగాటి తోపడా, ఉలులూ, బాడిశా రెండో కొడుకుకి వెళ్లాయి. అతను బట్టల వ్యాపారి. అవి అతని ఇంటి అటక మీద ఉన్నాయని చెప్పుకునేవారు. పాన్‌దాన్, వెండి అత్తరుబుడ్డి కూతురికి.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ఉస్తాద్ భార్య హలీమాబీ కోటిలింగాన్ని గుమ్మం దగ్గరికి పిలిచింది. "నీకేమైనా ఇస్తానన్నారా నాయనా? నాకు తెలిస్తే అప్పుడే తీసి పక్కన పెట్టేదాన్ని."

"లేదమ్మా. నేను అడగలేదు."

"ఇన్నేళ్లున్నావు. అడగాల్సింది."

"అడుగుదామనే అనుకున్నానమ్మా, ఒకరోజు" అన్నాడు కోటిలింగం. ఆవిడ ఇచ్చిన షర్బత్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, సైకిలెక్కి దివాన్‌చెరువు దారిలోని తన స్థలం వైపు వెళ్లాడు.

ఆ పంపకాల్లో కోటిలింగానికి ఏమీ రాలేదు.